టోక్యో నుంచి ఒక్కరోజులో క్యోటో

పర్లాకిమిడి నుంచి వస్తున్న అమ్మానాన్నలకు టోక్యో నుంచి ఒక్కరోజులో క్యోటో చూపించగలనా, ఏడు రోజుల రైలు పాస్ కొనాలా అని అడిగారు కదా తమ్ముడూ. నిక్షేపంగా చూపించవచ్చు. పాస్ మాత్రం వద్దు. 2023 అక్టోబరులో దాని ధర 50,000 యెన్‌లకు పెరిగింది. మామూలు టికెట్లు మనిషికి రానుపోను దాదాపు 28,000 యెన్‌లే. పైగా అన్నిటికన్నా వేగంగా వెళ్లే నొజోమి అనే బుల్లెట్ రైలుకి పాస్ ఉన్నా అదనంగా కట్టాలి.

నొజోమిలో రెండుంబావు గంటల ప్రయాణం. మన బరంపురం నుంచి విశాఖ చేరేంత సేపు కూడా పట్టదు! వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ పక్కన, ఇంగ్లిషు ‘ఈ’ అక్షరం ఉన్న సీటు తీసుకుని నాన్నగారిని కూర్చోబెట్టండి. ఆకాశం తేటగా ఉంటే ముప్పావు గంటకు ఫూజీ పర్వతం కనబడుతుంది.

క్యోటోలో ఎక్కువ తిప్పకండి, పెద్దవాళ్ల మోకాళ్లు ముఖ్యం. ఫుషిమి ఇనారి ఆలయం క్యోటో స్టేషన్ నుంచి లోకల్ రైల్లో ఐదు నిమిషాలే, ప్రవేశం ఉచితం. ఎర్రటి తోరణాల కింద కొంతదూరం నడిస్తే చాలు, కొండ చివరిదాకా ఎక్కనక్కరలేదు.