అడగకుండా వేసే కొసరు

చిరంజీవి అమ్మడికి,

అత్తయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం నిన్న అందింది, రెండుసార్లు చదివాను. అమ్మ కోసం ఎన్ని మొక్కులు మొక్కినా దక్కలేదని, ఇప్పుడు దీపం ముందు కూర్చుంటే ఒత్తి తప్ప ఏమీ కనిపించడం లేదని రాశావు. ఎందుకలా జరిగిందో నేను చెప్పలేను. మీ మామయ్య పోయినప్పుడు నేనూ అదే అడిగాను, ఏడాదిపాటు పూజగది తలుపు తీయలేదు. అందుకే నిన్ను గుళ్ళు తిరగమనీ స్తోత్రాలు చదవమనీ అనను.

పొద్దుటి కాఫీ దగ్గర మొదలుపెట్టు. అమ్మ ఇత్తడి ఫిల్టరు నీ దగ్గరే ఉంది కదా. ఫోను చూస్తూ ఏదో కలుపుకుని తాగేస్తున్నానన్నావు, ఒక వారం అది మానేయి. పై గిన్నెలో పొడి వేసి చిల్లుల బిళ్ళతో మెల్లగా అదుము. గట్టిగా అదిమితే నీళ్ళు దిగవు, వదులుగా వదిలేస్తే డికాషన్ పలచబడుతుంది. మరిగిన నీళ్ళు అంచు చుట్టూ తిప్పి పోసి, మూత పెట్టి అక్కడే నిలబడు. కాసేపటికి కింది గిన్నెలో మొదటి చుక్క చప్పుడవుతుంది. తర్వాత ఇంకొకటి. మీ అమ్మ కోడలిగా వచ్చిన కొత్తలో ఈ ఫిల్టరు దగ్గరే చెవి ఒగ్గి నిలబడి, "దిగుతోంది వదినా" అనేది. ఆ పావుగంటలో వేరే పని పెట్టుకోకు.

ఇక పూల సంగతి. బెంగళూరు గాంధీబజారులో నేను ఏళ్ళ తరబడి ఒకావిడ దగ్గరే మల్లెపూలు కొంటున్నాను. మోచేతి నుంచి వేలి కొస దాకా మూర కొలిచి, తుంచబోయే ముందు దండను ఇంకో నాలుగు వేళ్ళు ముందుకు జరుపుతుంది. అడగకుండా వేసే కొసరు అది. పూజగది మూసిన ఏడాది, ఇక నాకు పూలతో పనేముందని తల వంచుకుని వెళ్తుంటే ఆవిడే పిలిచింది. ఒక మూర ఆకులో చుట్టి చేతిలో పెట్టి "దేవరిగె" అంది, కన్నడంలో దేవుడికి అని. డబ్బు తీసుకోలేదు. ఆ రాత్రి తలుపు తీసింది భక్తితో కాదమ్మా, పూలు వాడిపోతాయని. కానీ తీశాను. పటం తుడిచి దండ వేసేసరికి గదంతా మల్లెల వాసన. అక్కడే కూర్చుని చాలాసేపు ఏడ్చాను. మర్నాడు మళ్ళీ తలుపు తీయడానికి మనసు వెనకాడలేదు.

నేను అడిగిన కొలత దేవుడు ఇవ్వలేదు. ఈ కొసర్లు మాత్రం వేస్తూనే ఉన్నాడని నమ్ముతాను. రాత్రి పడుకునే ముందు ఆ రోజు దొరికినది ఒక్క ముక్క రాసిపెట్టుకో. వీధిలో టబెబూయా చెట్టు గులాబీరంగులో పూసిందనుకో, అదే రాయి. ఏమీ దొరకని రోజు కాగితం ఖాళీగా వదిలేయి, లేనిది కల్పించకు. నిద్ర, తిండి వారాల తరబడి తప్పితే మాత్రం కాగితాలతో కూర్చోవద్దు. వెంటనే నాకు ఫోను చెయ్యి, డాక్టరు దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దాం.

కార్తీక మాసం చివరి సోమవారం మా బసవనగుడిలో కడలెకాయి పరిషె, అంటే వేరుశనగకాయల తిరునాళ్ళు. వైట్‌ఫీల్డ్‌లో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, నేషనల్ కాలేజీ స్టేషన్‌లో దిగు. నేను ఎదురొస్తాను. అక్కడి బసవడి గుళ్ళో నంది 15 అడుగుల ఎత్తు, ఒకే రాయిలో చెక్కినది. పూర్వం ఒక ఎద్దు ఏటా వేరుశనగ పంటంతా మేసిపోయేదట. దాని మీద మండిపడ్డ రైతులే చివరికి తొలి పంట తెచ్చి బసవడి ముందు పోయడం మొదలుపెట్టారంటారు. అంత కోపంతో ఉన్నవాళ్ళకీ అక్కడ చోటు దొరికింది కాబట్టే నాకు ఆ కథ ఇష్టం. నువ్వు దండం పెట్టకపోయినా ఫరవాలేదు, నాతో నడువు చాలు.

గుడ్డసంచి ఒకటి తెచ్చుకో. సేరు కొలిచాక పైన ఇంకో గుప్పెడు వేస్తారు.

మీ అత్తయ్య