ఐదు నెలలు, తొమ్మిది నెలలు, ఆరు నెలలు: రెజ్యూమెలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

ప్రశ్న: మా అబ్బాయి 2023లో బీటెక్ (ఈసీఈ) పూర్తి చేశాడు. హైదరాబాద్‌లో ఒక కాల్ సెంటర్‌లో టెక్నికల్ సపోర్టులో చేరి, నైట్ షిఫ్టులు పడక 5 నెలలకే చెప్పకుండా మానేశాడు. తర్వాత ఒక స్టార్టప్‌లో టెస్టింగ్ పని 9 నెలలు చేశాడు, వాళ్లు టీమ్ మొత్తాన్ని తీసేశారు. ఆపైన కాంట్రాక్టు మీద ఒక పెద్ద కంపెనీ ప్రాజెక్టులో 6 నెలలు. ఇప్పుడు మూడు నెలలుగా ఖాళీ. ఏ ఇంటర్వ్యూకి వెళ్లినా ‘ఇన్ని కంపెనీలు ఎందుకు మారావు’ అంటున్నారట. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఇవన్నీ తీసేసి, ఒకేచోట రెండున్నరేళ్లు చేసినట్టు లెటర్ ఇస్తాం, పీఎఫ్ కూడా చూపిస్తాం, లక్షన్నర కట్టండి అంటున్నారు. కట్టమంటారా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: కట్టకండమ్మా. డబ్బు పోతుందని మాత్రమే కాదు, అబ్బాయి నిజంగా సంపాదించుకున్న 20 నెలల అనుభవం కూడా ఆ లెటర్‌తో పోతుంది.

ఎందుకో చెప్తాను. పీఎఫ్ ఉన్న ఉద్యోగంలో చేరిన ప్రతి ఒక్కరికీ 12 అంకెల యూఏఎన్ నంబరు ఉంటుంది, అది ఆధార్‌తో ముడిపడి ఉంటుంది. ఎన్ని కంపెనీలు మారినా నంబరు ఒక్కటే. పీఎఫ్ వ్యవహారాలు చూసే ఈపీఎఫ్ఓ పోర్టల్‌లో ‘సర్వీస్ హిస్టరీ’ తెరిస్తే ఏ కంపెనీలో ఏ తేదీన చేరాడో, ఏ తేదీన మానాడో వరసగా కనిపిస్తుంది. ఆఫర్ ఇచ్చాక, మనం చెప్పిన వివరాలు నిజమో కాదో తేల్చే వెరిఫికేషన్ ఏజెన్సీలతో కంపెనీలు తనిఖీ చేయించేది చాలావరకు దీన్నే. కన్సల్టెన్సీ వాళ్లు 2023 నుంచి తమ దగ్గరే పనిచేశాడని లెటర్ ఇస్తే, అవే నెలల్లో స్టార్టప్ కట్టిన పీఎఫ్ పక్కనే కనబడుతుంది. పాత నెలలకు ఇప్పుడు పీఎఫ్ కట్టినా, పాస్‌బుక్‌లో జీతం నెలతో పాటు డబ్బు జమ అయిన తేదీ కూడా ఉంటుంది. రెండేళ్ల జమలు ఒకే వారంలో పడితే చూసేవాళ్లకు వేరే రుజువు అక్కర్లేదు. అలా దొరికితే ఉద్యోగంలో చేరి ఆరు నెలలైనా తీసేస్తారు. అప్పుడు రెజ్యూమెలో మరో చిన్న ఉద్యోగం చేరుతుంది, దానికి చెప్పుకోదగ్గ కారణం కూడా ఉండదు.

రెజ్యూమె వేరు, వెరిఫికేషన్ ఫారం వేరు. ఈ తేడా ఇద్దరూ బాగా అర్థం చేసుకోండి. రెజ్యూమె మన గురించి మనం చెప్పుకునే కాగితం. ఈ ఉద్యోగానికి పనికిరాని అనుభవాన్ని అందులో వదిలేయవచ్చు. ఫారం అలా కాదు. ‘ఇంతవరకు చేసిన ఉద్యోగాలన్నీ రాయండి’ అని అడిగి కింద సంతకం పెట్టించుకుంటారు. అక్కడ 5 నెలలది కూడా రాయాల్సిందే. రెజ్యూమెలో ఒకటి తగ్గినా పర్వాలేదు, కానీ రెండింట్లోనూ ఉన్న ఉద్యోగం తేదీలు మాత్రం నెలతో సహా కలవాలి.

ఇప్పుడు ఒక్కో ఉద్యోగం సంగతి చూద్దాం.

కాల్ సెంటర్ 5 నెలలు: టెస్టింగ్ ఉద్యోగాలకు పంపే రెజ్యూమెలో దీన్ని తీసేయవచ్చు. కస్టమర్ సపోర్టు, ప్రొడక్ట్ సపోర్టు ఉద్యోగాలకైతే ఉంచాలి, అక్కడ అది పనికొచ్చే అనుభవం. దీనితో అసలు చిక్కు చెప్పకుండా మానేయడం. వాళ్ల రికార్డులో ‘అబ్‌స్కాండింగ్’ (చెప్పకుండా వెళ్లిపోయాడు) అని ఉండి ఉంటుంది, వెరిఫికేషన్‌లో అదే బయటికొస్తుంది. ఈ వారమే హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టించండి: ఎంప్లాయీ నంబరు, చేరిన తేదీ, చివరగా పనిచేసిన తేదీ, ‘నోటీసు ఇవ్వకుండా మానేశాను, నోటీసు కాలానికి ఎంత కట్టాలో చెబితే కడతాను, ఫైనల్ సెటిల్‌మెంట్ చేసి రిలీవింగ్ లెటర్ ఇప్పించండి’. అంతే, షిఫ్టుల కథ అందులో వద్దు. జవాబు రాకపోతే పది రోజులకోసారి మరో రెండుసార్లు పంపాలి. రిలీవింగ్ లెటర్ అంటే ఉద్యోగం నుంచి విడిచిపెట్టినట్టు కంపెనీ ఇచ్చే కాగితం; చివరికి అది ఇవ్వకపోయినా ఆ మెయిళ్లు దాచుకోవాలి. ఫారంలో ‘రిలీవింగ్ లెటర్ లేదు’ అని నిజం రాసి, అపాయింట్‌మెంట్ లెటర్, జీతం స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేయవచ్చు.

స్టార్టప్ 9 నెలలు: రెజ్యూమెకు ప్రాణం ఇదే. తేదీల పక్కనే బ్రాకెట్లో ‘టీమ్ మొత్తం రద్దు’ అని రెండు ముక్కలు రాయాలి. చదివేవాళ్లకు అనుమానం పుట్టే చోటే జవాబు కనిపిస్తుంది. కింద ‘టెస్టింగ్ చేశాను’ అని వదిలేయకుండా ఏ యాప్, ఎన్ని టెస్ట్ కేసులు రాశాడు, ఎన్ని బగ్గులు పట్టాడు, బగ్గులు నమోదు చేసే జిరా సాఫ్ట్‌వేర్‌లో వాటిని ఎలా రాశాడు అన్నవి మూడు నాలుగు లైన్లలో రాయాలి. గుర్తున్న అంకెలే వేయాలి, లేనివి పుట్టించకూడదు. ఇంటర్వ్యూలో మొదట తవ్వేది వాటినే.

కాంట్రాక్టు 6 నెలలు: ఇక్కడ పిల్లలు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. పనిచేసిన పెద్ద కంపెనీ పేరునే యజమానిగా రాసేస్తారు. జీతం ఇచ్చింది మధ్యలోని పేరోల్ కంపెనీ. వెరిఫికేషన్ వాళ్లు పెద్ద కంపెనీకి రాస్తే ‘ఈ పేరుతో మా దగ్గర ఉద్యోగి లేరు’ అని జవాబొస్తుంది, నిజాయితీగా చేసిన పని కూడా అబద్ధంలా మిగులుతుంది. ఇలా రాయించండి: ముందు పేరోల్ కంపెనీ పేరు, దాని కింద ‘క్లయింటు: ఫలానా’, పక్కన ‘కాంట్రాక్టు, ఫిబ్రవరి 2025 – జులై 2025, గడువు పూర్తి’. ‘గడువు పూర్తి’ అన్న మాట చూస్తే మధ్యలో మానేశాడని ఎవరూ అనుకోరు.

తేదీల్లో నెల తీసేసి ‘2023–2024’ అని రాయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వినకండి. సెప్టెంబర్ నుంచి జనవరి దాకా చేసిన 5 నెలలు ఏడాదిలా కనిపిస్తాయి నిజమే, కానీ ఉద్యోగాల వెబ్‌సైట్ నౌక్రీ ప్రొఫైల్‌లో నెల అడుగుతుంది, రెండూ పక్కపక్కన పెడితే దొరికిపోతుంది. తేదీలే లేకుండా నైపుణ్యాల జాబితా ఒక్కటే ఇచ్చే పద్ధతి కూడా అంతే, ఏదో దాస్తున్నాడన్న అనుమానం తెస్తుంది.

వెరిఫికేషన్ దాకా ఆగకుండా సర్వీస్ హిస్టరీ ఇప్పుడే తెరిచి చూడమనండి. పాత కంపెనీ ‘మానేసిన తేదీ’ నమోదు చేయకపోతే, ఇంకా అక్కడే ఉన్నట్టు కనిపించి రెండు ఉద్యోగాలు ఒకేసారి చేశాడన్న అర్థం వస్తుంది. చివరి జమ పడి రెండు నెలలు దాటితే ఉద్యోగే పోర్టల్‌లో ‘మేనేజ్’ కింద ‘మార్క్ ఎగ్జిట్’లో ఆ తేదీ వేసుకోవచ్చు. ఆధార్‌కు కలిపిన ఫోనుకు ఓటీపీ వస్తుంది. వేసే తేదీ చివరి జమ ఏ నెలకు పడిందో ఆ నెలలోదే అయ్యుండాలి. రిలీవింగ్ లెటర్ ఉంటే దానిలోని తేదీనే వేయాలి, తప్పు పడితే దిద్దించుకోవడం పెద్ద పని.

ఇంటర్వ్యూలో ‘ఎందుకు మారావు’ అన్నదానికి అర నిమిషం మించకుండా చెప్పాలి: ‘స్టార్టప్‌లో మా టీమ్‌ను మూసేశారు సర్. తర్వాతది 6 నెలల కాంట్రాక్టు, చివరిదాకా ఉన్నాను. రెండు చోట్లా చేసింది టెస్టింగే, ఇప్పుడు పర్మినెంట్ ఉద్యోగం చూస్తున్నాను.’ కాల్ సెంటర్ గురించి అడిగితే, నోటీసు ఇవ్వకపోవడం తన తప్పేనని, దాన్ని సరిచేసుకోవడానికి రాశానని చెప్పాలి. పాత మేనేజర్లను తిట్టడం మొదలుపెడితే మిగతా ఇంటర్వ్యూ దాని మీదే నడుస్తుంది. ఎదుటివాళ్ల భయం ఒక్కటే: నేర్పించాక వీడూ వెళ్లిపోతాడేమో అని. ‘ఎన్నాళ్లయినా ఉంటాను సర్’ అన్న మాటతో ఆ భయం తీరదు. షిఫ్టు ఏమిటి, ఆఫీసు ఎక్కడ, మొదటి ఆరు నెలలు చేయాల్సిన పనేమిటి అని అబ్బాయే అడిగితే, ఆలోచించి చేరేవాడని వాళ్లకు తెలుస్తుంది. పైగా ఇవి అతనికీ నిజంగా కావాల్సిన జవాబులు. నైట్ షిఫ్టు పడదని తెలిసీ మళ్లీ అందులో చేరితే నాలుగో చిన్న ఉద్యోగం తయారవుతుంది.

ఈ మూడు నెలల ఖాళీ పెద్ద లోపం కాదు. టెస్టింగ్‌ను ఆటోమేటిక్‌గా చేసే సెలీనియం టూల్ నేర్చుకుంటూ చేసిన ఒక చిన్న ప్రాజెక్టును, కోడ్ పెట్టుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్‌లో పెట్టి, ఆ లింకు రెజ్యూమెలో ఇస్తే చాలు.

చేతిలో డబ్బుల్లేవని పాత పీఎఫ్ తీసేయాలనిపించవచ్చు. వీలైతే ఆగమనండి. వరసగా 5 ఏళ్ల సర్వీసు నిండకముందు తీస్తే పన్ను లెక్కలోకి వస్తుంది. కొత్త ఉద్యోగంలో చేరాక పాత ఖాతాల డబ్బును కొత్తదానికి బదిలీ చేసుకుంటే, ఈ 5 నెలలు, 9 నెలలు, 6 నెలలు కూడా ఆ ఐదేళ్లలో కలుస్తాయి.