చిన్న పెరట్లో మన నేల మొక్కలతో, కాస్త కళగా తోట వేసుకోవడం ఎలా?
ముందు తంగేడు పెట్టండి. బతుకమ్మలో పేర్చే ఆ పసుపు పూలే, తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా. ఎండనూ నీటి ఎద్దడినీ తట్టుకుంటుంది, కాకపోతే నీడలో సరిగా పూయదు కాబట్టి బాగా ఎండ తగిలే మూలే ఇవ్వాలి. గోడ పక్కన నందివర్ధనం, నీళ్లు నిలవని చోట కరివేపాకు. కరివేపాకు మీద పిట్ట రెట్టలా కనిపించే చిన్న పురుగులుంటే దయచేసి మందు కొట్టకండి, అవి పెరిగి పచ్చగా మారి, చివరికి నలుపు తెలుపు సీతాకోకచిలుకలవుతాయి, నాలుగు ఆకులు పోతే పోనివ్వండి. అలంకారానికి ప్లాస్టిక్ బొమ్మలు వద్దు. పాత మట్టికుండలకు జాజు (ఎర్రమట్టి రంగు) పూసి, ఆరాక సున్నంతో చుక్కల ముగ్గు వేయండి, వానకు చెరిగిపోయినా సంక్రాంతికి మళ్లీ వేసుకోవచ్చు. వాటిలో మొక్క పెడితే, నీళ్లు నిలవకుండా కుండ అడుగున చిల్లు పెట్టడం మాత్రం మరవద్దు.