వేలంలో ఇల్లు వచ్చింది, తలుపులు రాలేదు

ప్రశ్న: మాది చిత్తూరు. తిరుపతిలో తిరుచానూరు రోడ్డు వైపు ఒక ఇల్లు బ్యాంకు వేలంలో 46 లక్షలకు పాడుకున్నాం. వేలానికి ముందు చూడడానికి వెళ్లినప్పుడు పాత యజమాని కుటుంబం అందులోనే కాపురం ఉంది. టేకు తలుపులు, గ్రిల్స్, మాడ్యులర్ కిచెన్ అన్నీ ఉన్నాయి, ఫొటోలు కూడా తీసుకున్నాం. డబ్బంతా కట్టి సేల్ సర్టిఫికెట్ తీసుకున్న రెండు నెలలకు అడ్వకేట్ కమిషనర్ వచ్చి ఇల్లు ఖాళీ చేయించి తాళం బ్యాంకుకు ఇచ్చారు. అప్పటికే తలుపులు, కిటికీ రెక్కలు, వైర్లు, కుళాయిలు పీకేసి ఉన్నాయి. మరో తొమ్మిది రోజులకు తాళం మా చేతికి వచ్చేసరికి బోరు మోటారు కూడా లేదు. 'ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే అని నోటీసులో ముందే రాశాం' అంటున్నారు బ్యాంకువాళ్లు. ఇది సివిల్ గొడవ అంటున్నారు స్టేషన్‌లో. పాత యజమానేమో 'అవి నా డబ్బుతో చేయించుకున్నవి, కావాలంటే లక్షన్నర ఇవ్వండి, తెచ్చి బిగిస్తా' అంటున్నాడు. మేమేం చేయాలి సార్?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మొట్టమొదట, ఆ లక్షన్నర ఇవ్వకండి. ఇస్తే ఆ తలుపులు అతనివేనని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. అతను ఈ బేరం మెసేజ్‌లో పెట్టి ఉంటే మాత్రం దాన్ని పదిలంగా దాచుకోండి. తీసింది తానేనని, సామాను తన దగ్గరే ఉందని అతనే రాసిచ్చిన కాగితంతో సమానం అది. నోటిమాటగా అడిగి ఉంటే, 'ఏమేం ఉన్నాయి, ఒక్కోదానికి ఎంత?' అని మీరే ఒక మెసేజ్ పెట్టి చూడండి. బేరం మీద ఆశ ఉన్నవాడు జవాబు ఇవ్వకుండా ఉండలేడు. ఆ ఫోన్ మార్చకండి, ఫార్మాట్ చేయకండి. కోర్టులో చూపించాలంటే 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి, అది మీ లాయరు చూసుకుంటారు.

ఇక 'నా డబ్బుతో చేయించుకున్నవి' అనే మాట. వేలం ఇళ్ల కేసుల్లో నేను ఎక్కువసార్లు విన్నది ఇదే. అందులో బాధ నిజమే కానీ చట్టబలం లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 8వ సెక్షన్ తీసి చూడండి. ఇల్లు చేతులు మారితే దాని తాళాలు, తాళంచెవులు, కడ్డీలు, తలుపులు, కిటికీలు, ఇంటితోపాటు శాశ్వతంగా వాడుకోవడానికి ఏర్పాటు చేసినవన్నీ దానితోనే వెళ్తాయని పేరుపేరునా రాసి ఉంది. దాదాపు నూట నలభై ఏళ్ల కింద ఈ సెక్షన్ రాసినాయన తాళంచెవి దాకా ఆలోచించాడంటే, ఇలాంటి గొడవలు అప్పటికే ఎన్ని చూసి ఉంటాడో! 'లోన్ తీసుకున్న తర్వాత బిగించినవి' అన్నా కుదరదు. తాకట్టు పెట్టాక ఆస్తికి ఏది కలిసినా అదీ తాకట్టులో భాగమేనని 70వ సెక్షన్ చెబుతోంది. ఖాళీ స్థలం తాకట్టు పెట్టి ఆ తర్వాత అందులో ఇల్లు కడితే ఆ ఇల్లూ తాకట్టులోకే వస్తుందని చట్టమే ఉదాహరణ ఇచ్చింది. ఇల్లే వచ్చినప్పుడు గ్రిల్స్ ఎక్కడికి పోతాయి?

అలాగని లోపల మీరు చూసినవన్నీ మీవి కావు. ఫ్యాన్లు, ఏసీ, ఇన్వర్టర్, ఫ్రిజ్, కర్టెన్లు అతనివే, తీసుకెళ్లే హక్కు అతనికుంది. గీజర్, చిమ్నీ, మిద్దె మీది ప్లాస్టిక్ ట్యాంకు లాంటివాటి మీద రెండువైపులా వాదించవచ్చు. ఎంత గట్టిగా బిగించారు, ఎందుకోసం బిగించారు అన్నవే కోర్టు చూసే రెండు విషయాలు. మీ మాడ్యులర్ కిచెన్ గ్రానైట్ బండ కింద గోడకు బోల్టులు కొట్టి కూర్చోబెట్టినదైతే అది ఇంటిదే. నా సలహా అడిగితే లిస్టులో తలుపులు, ద్వారబంధాలు, కిటికీలు, గ్రిల్స్, వైరింగ్, కుళాయిలు, సింకులు, కిచెన్, మోటారు వరకే ఉంచండి. కోపంలో ఫ్యాన్లు కూడా కలిపి రాస్తే జడ్జిగారు మిగతా లిస్టునూ అనుమానంగానే చూస్తారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ కేసంతా ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది. పోయిన ఒక్కో వస్తువూ తాళం ఎవరి చేతిలో ఉండగా పోయింది? మీరు అన్నిటినీ ఒకే గంపలో వేసి అడుగుతున్నారు కాబట్టే స్టేషన్లోనూ బ్యాంకులోనూ మిమ్మల్ని తేలిగ్గా పంపించేస్తున్నారు. తలుపుల కథ వేరు, మోటారు కథ వేరు.

మోటారు సంగతి తేలిక. బాకీ కోసం తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకుని అమ్ముకోనిచ్చే సర్ఫేసీ చట్టం 14వ సెక్షన్ కింద వెళ్లిన కమిషనర్ పంచనామా రాస్తారు, ఇంట్లో ఏముందో ఏం లేదో లిస్టు వేస్తారు. కమిషనర్‌గా అడ్వకేట్లను పంపవచ్చని సుప్రీంకోర్టు 2022లో ఖాయం చేసింది. నేనూ ఆ పని మీద కొన్ని ఇళ్లకు వెళ్లాను. ఆ పంచనామా నకలు కోర్టులో వెంటనే దరఖాస్తు పెట్టి తీసుకోండి. అందులో 'బోరు మోటారు ఉంది' అన్న ఒక్క లైను ఉంటే ఆట మీ చేతిలో ఉన్నట్టే. ఆ రోజు నుంచి మీకు అప్పగించే వరకు ఇల్లు బ్యాంకు కస్టడీలో ఉంది. సెక్యూరిటీ ఇంటరెస్ట్ రూల్స్ 2002లో 8(4) ప్రకారం, ఇల్లు నిజంగా చేతికి వచ్చాక, బుద్ధి ఉన్న యజమాని తన సొంత ఇంటిని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా బ్యాంకు అధికారి దాన్ని చూసుకోవాలి. తొమ్మిది రోజులు వాచ్‌మన్ కూడా లేకుండా వదిలేసి 'ఎలా ఉన్నది అలాగే' అంటే ఎలా? ఆ మాట వేలంనాటి ఇంటి స్థితికి చెప్పుకోవచ్చు. తన తాళం కింద పోయిన మోటారుకు అదే మాట అడ్డం పెట్టుకోవడం కుదరదనే నేను వాదిస్తాను.

ఆ మోటారుకు దొంగతనం కేసు కూడా సరిపోతుంది, భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్. భూమికి బిగించి ఉన్నంతసేపు ఏ వస్తువునూ 'దొంగిలించడం' కుదరదు, ఊడదీసిన క్షణం నుంచి అది దొంగతనానికి లొంగే వస్తువవుతుందని ఆ సెక్షన్లోనే వివరణ ఉంది. పాత యజమానే తీసి ఉంటే 'నా వస్తువు నేను తీసుకున్నా' అని తప్పించుకోలేడు. పాత ఐపీసీ నుంచి వస్తున్న ఒక చక్కటి ఉదాహరణ ఉంది. ఒకడు తన గడియారం కుదువ పెట్టి అప్పు తీసుకున్నాడు, అప్పు తీర్చకుండా దురుద్దేశంతో గడియారం చెప్పకుండా పట్టుకుపోయాడు. గడియారం అతనిదే అయినా అది దొంగతనమే. కాకపోతే ఫిర్యాదులో 'పాత యజమాని దొంగిలించాడు' అని రాయకండి, మీరు కళ్లారా చూడలేదు కదా. గుర్తుతెలియని వ్యక్తులు అని రాసి, అనుమానం ఎవరి మీదో, ఎందుకో చెప్పండి. ఖాళీ ఇంటి మీద కన్నేసే పాత ఇనుప సామాన్ల బ్యాచీలు తిరుపతి చుట్టుపక్కల తక్కువేం లేవు.

తలుపుల దగ్గరికి వస్తే కొంచెం జాగ్రత్తగా నడవాలి. అవి ఊడదీసినప్పుడు ఇంట్లో ఉన్నది అతనే, తాళం అతనిదే. ఒకరి స్వాధీనంలో ఉన్నదాన్ని తీసుకుంటేనే దొంగతనం. కాబట్టి ఆ సెక్షన్ పట్టుకుని స్టేషన్‌కు వెళ్తే ఎస్‌ఐగారు సివిల్ అనడంలో ఆశ్చర్యం లేదు. మీరు పట్టుకోవాల్సింది అదే న్యాయ సంహితలోని 324వ సెక్షన్. నష్టం చేయాలని, లేదా నష్టం జరుగుతుందని తెలిసీ ఒక ఆస్తి విలువ తగ్గేలా పాడుచేయడం నేరం అంటుంది ఆ సెక్షన్. దానికి తాళం ఎవరిదన్న పేచీ లేదు. పైగా తన సొంత ఆస్తికి చేసినా ఈ నేరం కావచ్చని వివరణలో ఉంది. కాబట్టి 'సర్టిఫికెట్ రాకముందే తీశాను, అప్పుడు ఇల్లు నాదే' అన్నా తప్పించుకోవడం అంత తేలిక కాదు. నష్టం లక్ష రూపాయలు లేదా అంతకు మించితే శిక్ష ఐదేళ్ల దాకా ఉంటుంది. అందుకే ఒక ఇంజినీరుతో ఎస్టిమేట్ వేయించండి. ఊడదీసిన సామాను దురుద్దేశంతో తరలించి దాచినందుకు 323వ సెక్షన్ కూడా కలపవచ్చు.

ఎప్పుడు తీశాడో రుజువు కావాలి. పక్కింటివాళ్లు బండి వచ్చిన రోజు చెప్పగలరేమో అడగండి. ఎదురింటి సీసీ కెమెరా ఉంటే ఈ రోజే వెళ్లండి, చాలావాటిలో కొన్ని వారాల రికార్డింగ్ కూడా మిగలదు.

స్టేషన్‌లో తీసుకోకపోతే భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 173(4) కింద ఫిర్యాదును ఎస్పీగారికి రాతపూర్వకంగా పోస్టులో పంపండి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ దగ్గర అఫిడవిట్‌తో పిటిషన్ వేయాలి, 175(3) కింద దర్యాప్తుకు ఆదేశించే అధికారం ఆయనకుంది. ఒకే పనికి సివిల్ బాధ్యతా, క్రిమినల్ బాధ్యతా రెండూ ఉండవచ్చు.

తలుపుల విషయంలో బ్యాంకు మీద మీ వాదన కొంచెం బలహీనమే, దాచడం ఎందుకు? వేలం నోటీసు మళ్లీ తీసి చూడండి, 'సింబాలిక్ పొజెషన్' అని ఉండి ఉంటుంది. అంటే గోడకు కాగితం అంటించారు, తాళం వాళ్ల చేతికి రాలేదు అని అర్థం. ఆ రెండు మాటలున్న ఇల్లు మార్కెట్ కంటే చవగ్గా రావడానికి కారణం సగం అదే. లోపల ఉన్నవాడు ఏం చేస్తాడో ఎవరికీ తెలియదు. 2008 తర్వాత అమెరికాలో లక్షల ఇళ్లు బ్యాంకుల పాలైనప్పుడు కూడా ఇదే జరిగింది. వెళ్లిపోయేవాళ్లు రాగి పైపులు, కిచెన్ అల్మరాలు దాకా పీక్కుపోతుంటే, ఇల్లు చెడగొట్టకుండా తాళాలిస్తే కొంత డబ్బిస్తామని బ్యాంకులే బేరం పెట్టుకున్నాయి. మన దగ్గర బ్యాంకు ఆ పని చేయదు, చేస్తే పాడుకున్నవాళ్లే చేసుకోవాలి. అయితే ఆ బేరం తలుపులు పీకకముందు, రాతపూర్వకంగా జరగాలి. ఇప్పుడు మీతో జరుగుతున్నది అది కాదు.

బ్యాంకు చర్య మీద బ్యాంకు బాకీల ట్రిబ్యునల్‌ (డీఆర్‌టీ)కి వెళ్లాలనుకుంటే 45 రోజుల గడువు గుర్తుంచుకోండి. వినియోగదారుల కమిషన్ దారి మాత్రం వద్దు. వేలంలో స్థలం పాడుకున్నవాళ్లు వినియోగదారులు కారని చండీగఢ్ కేసులో సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది.

డబ్బు ఎలా వస్తుంది? ఇల్లు పోగొట్టుకున్న మనిషి మీద నష్టపరిహారం దావా గెలిచినా, డిక్రీ కాగితం బీరువాలో ఉండిపోవచ్చు. అందుకే మొదట ఒక విషయం కనుక్కోండి. మీరు కట్టిన 46 లక్షల్లో అతని బాకీ పోగా మిగిలిందా? మిగిలితే ఆ డబ్బు సర్ఫేసీ చట్టం 13(7) ప్రకారం అతనికే వెళ్తుంది. అది బ్యాంకు చేతిలో ఉండగానే సివిల్ కోర్టులో దావా వేసి, తీర్పుకు ముందే జప్తు చేయమని సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) 38వ ఆర్డరు 5వ రూలు కింద పిటిషన్ పెట్టండి. అతను ఆస్తి దాటేసే ప్రయత్నంలో ఉన్నాడని చూపించాలి, అందుకు ఆ లక్షన్నర మెసేజ్ కూడా పనికొస్తుంది. దావాకు మూడేళ్ల వ్యవధి ఉంది కానీ ఈ మిగులు డబ్బు మూడేళ్లు ఆగదు. ఇందులో ఆలస్యం చేసి నష్టపోయినవాళ్లను చూశాను.

ఒక సంగతి చెప్పాలనిపించింది. చిత్తూరులో నేను కమిషనర్‌గా వెళ్లిన ఒక ఇంట్లో వీధి ద్వారబంధాన్ని రెండు పక్కలా రంపంతో కోసి తీసుకుపోయారు. గడప మాత్రం వదిలేశారు. దాని మీద పసుపు, కుంకుమ బొట్లు ఆ ఉదయం పెట్టినవే. స్విచ్ బోర్డులున్న చోట గుంటలు, పైపుల మూతిలో తెగిన వైరు ముక్కలు. ఇంటావిడ చేతిలో చిన్న గంటలున్న పూజగది తలుపు రెక్క ఒకటి ఉంది. 'ఇది మా అమ్మ పెట్టించింది సార్' అంది. చట్టప్రకారం అదీ ఇంటిదే. పంచనామాలో రాసి, బ్యాంకు అధికారి వైపు చూశాను. ఆయన ఏమీ అనలేదు. కొనుక్కున్నాయనకు తర్వాత చెబితే, ఆ ఒక్కటి లిస్టులోంచి కొట్టేయమన్నాడు. మీ లిస్టులోనూ అలాంటిది ఏదైనా ఉందేమో చూసుకోండి, మిగతాది గట్టిగా అడగడానికి అది అడ్డం రాదు.

ఎస్టిమేట్ అయ్యేవరకు కొత్త తలుపులు, వైరింగ్ మొదలుపెట్టకండి. వీధి గుమ్మానికి మాత్రం ఒక ప్లైవుడ్ తలుపు బిగించి తాళం వేయండి, బిల్లు దాచండి. వైరింగ్‌కు ముందు ఎస్పీడీసీఎల్ ఆఫీసులో మీటరు మీద పాత బకాయి ఎంతుందో కూడా అడగండి. పాత యజమాని కరెంటు బాకీని నిబంధనల ప్రకారం కొత్త కొనుగోలుదారు నుంచి రాబట్టవచ్చని 2023లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. బకాయి పెద్దదైతే దాన్నీ, మోటారునూ కలిపి బ్యాంకుకు ఒకే లీగల్ నోటీసు పంపవచ్చు.