నీళ్లు రాలేదమ్మా, అల వచ్చింది

మైలాపూర్, చెన్నై

అమ్మా,

తరంగాల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. మీ అమ్మమ్మ ట్రాన్సిస్టర్ రేడియో గురించిన వాక్యాలు బాగున్నాయి. కానీ మూడో పేరాలో "సుమత్రా దగ్గర లేచిన నీళ్లు పరుగెత్తుకొచ్చి మెరీనాలో పడ్డాయి" అన్నావు. అక్కడ కాగితాలు పక్కన పడేసి కాఫీ కలుపుకోవడానికి లేచాను.

నీళ్లు రాలేదమ్మా. 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర సముద్రం అడుగు నేల కదిలింది. ఆ కుదుపే సునామీ అలగా మనదాకా వచ్చింది. నడిసముద్రంలో దాని ఎత్తు మీటరు కూడా లేదు. వేగం మాత్రం గంటకు 700 కిలోమీటర్ల పైమాటే. బాగా లోతున్న చోట అది పడవ కింద నుంచి పోయినా తెలియదు. ఒడ్డు దగ్గర లోతు తగ్గి ముందు భాగం నెమ్మదించింది, వెనకది తరుముకొచ్చింది, ఎత్తు పెరిగింది. ఊళ్లోకి చొరబడిన నీళ్లు మన తీరం దగ్గరివే.

తరంగం శక్తిని మోస్తుంది, పదార్థాన్ని మోయదు అని మొదటి పేరాలో నువ్వే రాశావు. మూడో పేరాకి మరిచిపోయావు. పాఠ్యపుస్తకం నుంచి ఎత్తుకొచ్చిన మాట అంతసేపే ఉంటుంది.

నాకిది ఒంటపట్టింది బేసిన్ బ్రిడ్జి దగ్గర. అప్పట్లో ప్రూఫులు దిద్దుకుంటూ ఒంటిపూట మెస్ భోజనంతో నెట్టుకొస్తున్నాను. బస్సుకు డబ్బుల్లేక పట్టాల పక్కన నడుస్తుంటే ఇంజనొకటి వచ్చి గూడ్సు బండిని తాకింది. మొదటి బోగీ ధడ్‌మంది, తర్వాత రెండోది, మూడోది... ఆ చప్పుడు చివరిదాకా పాకింది. ఏ బోగీ జానెడు మించి జరగలేదు. గాలిలో ధ్వని పోయేదీ ఇలాగే, ముందువాణ్ణి నెట్టి తాను వెనక్కి తగ్గుతూ. కదలికా ప్రయాణమూ ఒకే దారిన, అదే అనుదైర్ఘ్య తరంగం. ఆ రాత్రే రాసి పంపాను. సంపాదకుడు బోగీలన్నీ కొట్టేసి "సంపీడనాలు, విరళీకరణాలు" అని అచ్చేశాడు. ముప్ఫై ఏళ్లయినా ఆ మంట చల్లారలేదు. ఇప్పటివాళ్లు ఇంకా ఘనులు, అన్నిటికీ "పాజిటివ్ వైబ్రేషన్స్" అంటారు. పౌనఃపున్యం, అంటే సెకనుకు ఎన్ని ఊపులు, ఎంతండీ అంటే మొహం తిప్పుకుంటారు.

తిర్యక్ తరంగానికి ఉదాహరణగా గిటార్ తీగ ఎందుకు? సాయంత్రమైతే మీ వీధిలోనే వీణ వినబడుతుంది కదా. తీగ పక్కలకి ఊగుతుంది, అల తీగ పొడవునా పోతుంది, అదే తిర్యక్ తరంగం. గాలిలోకి దిగాక అదే అనుదైర్ఘ్యమవుతుంది. ఒక్క మీటుకి రెండు రకాలూ దొరికాయి. ఈ ఊరి ప్రెసిడెన్సీ కాలేజీలో చదివిన సి.వి. రామన్ వీణ మీద, మృదంగం మీద పరిశోధన చేశాడు. ఆయన్నీ వదిలేశావు.

ఇక ట్రాన్సిస్టర్. ముల్లు 720 కిలోహెర్ట్జ్ దగ్గర ఉండేదని రాసి ఊరుకున్నావేం? రేడియో అల కూడా వెలుతురులాగే సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. 720 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు 7,20,000 ఊపులు, దాంతో భాగించు. దాదాపు 417 మీటర్లు. మీ వీధికన్నా పొడవైన అల, గాలి సాయం కూడా అక్కర్లేనిది, ఆ ముసలావిడ వంటింట్లో పోపు వేగుతుండగా వార్తలు చెప్పింది. నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి.

కలం పేరు, పారితోషికం సంగతులు తర్వాత మాట్లాడదాం. ఆదివారం పొద్దున్నే కాసిమేడు వెళ్లి, అలలు విరిగే చోటు దాటాక ఆగి ఉన్న పడవను ఓ పావుగంట చూడు. చూశాక మూడో పేరా మళ్లీ రాసి పంపు. రైలు బోగీలు మాత్రం నావి, ముట్టుకోకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు