పరుగుకు వెళ్లబుద్ధి కానప్పుడు నేనేం చేస్తానంటే

సాయంత్రం పరుగెత్తాలని పొద్దున్నే గట్టిగా అనుకుంటారు, తీరా టైమ్ అయ్యేసరికి కాలు కదలదు, మూడ్ ఎలా తెచ్చుకోవాలని అడిగారు. నేను చాలా ఏళ్లుగా పరుగెడుతున్నాను. ఈ రోజుకీ చాలాసార్లు బయల్దేరే ముందు వెళ్లాలనిపించదు. అందుకే మూడ్ కోసం చూడను. అది ఎక్కువగా పరుగు మొదలుపెట్టిన ఓ పది నిమిషాలకు వస్తుంది.

మీరు ముందుగా చూసుకోవాల్సింది వేగం. అలవాటు లేనివాళ్లు చాలామంది ప్రతిసారీ ఒగర్చేంత స్పీడుగా పరుగెడతారు. ఒంట్లో పడ్డ ఆ బాధను మనసు మర్చిపోదు. మర్నాడు అదే టైముకి 'ఇవాళ వద్దులే' అంటుంది. దాన్ని మనం బద్ధకం అనుకుంటాం. పైగా మొదటి రెండు మూడు నిమిషాలు ఎవరికైనా కష్టమే. కండరాలు ఒక్కసారిగా ఆక్సిజన్ అడుగుతాయి, గుండె, ఊపిరితిత్తులు అందుకోవడానికి కొంత టైమ్ పడుతుంది. ఆ కాసేపట్లోనే వేగం పెంచితే ఆయాసం ముంచుకొస్తుంది, ఇక ఆ రోజంతా పరుగు మీద విరక్తే.

పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలిగినంత నెమ్మదిగా వెళ్లండి. పక్కన ఎవరూ లేకపోతే నేను నోటికి వచ్చిన పద్యం ఒకటి పైకి చదువుకుంటాను. రెండో పాదం మధ్యలోనే ఊపిరి పీల్చుకోవాల్సి వస్తే వేగం తగ్గిస్తాను, అవసరమైతే నడుస్తాను. నెమ్మదిగా పరుగెత్తడం చిన్నతనమేమీ కాదు. ఒలింపిక్స్ మారథాన్‌లో రెండుసార్లు స్వర్ణం గెలిచిన ఎలియుడ్ కిప్చోగే కూడా తేలిక రోజుల్లో తన స్థాయికి చాలా నిదానంగా పరుగెడతాడు.

ఇక ఇంట్లోంచి బయటపడటం. 'ఇవాళ పరుగెత్తాలి' అని ఊరికే అనుకోవడం కన్నా ఎప్పుడు, ఎక్కడ, దేని తర్వాత అని ముందే తేల్చుకుంటే పని జరిగే అవకాశం ఎక్కువని సైకాలజిస్ట్ పీటర్ గోల్విట్జర్ 1999లో ఒక వ్యాసంలో వివరించారు. నా విషయంలో అది అక్షరాలా నిజం. ఇంటికి రాగానే, ఎక్కడా కూర్చోకముందే బట్టలు మార్చుకుంటాను. తర్వాత గుమ్మం దగ్గర కూర్చుని షూస్ వేసుకుంటాను. ఎడమ కాలి లేసు బిగిస్తున్నప్పుడు కూడా లోపల వెళ్దామా వద్దా అన్న వాదన నడుస్తూనే ఉంటుంది. కుడి కాలి ముడి పడ్డాక మాత్రం లేచి తలుపు తీయడమే తేలికనిపిస్తుంది.

నాతో నేను చేసుకున్న ఒప్పందం కూడా ఒకటుంది. పది నిమిషాలయ్యాక కూడా ఇష్టం లేకపోతే వెనక్కి తిరగవచ్చు. ఈ మాట నిజాయితీగా ఉండాలి, లేకపోతే మనసు మళ్లీ నమ్మదు. అలా మధ్యలో తిరిగి వచ్చిన రోజులూ ఉన్నాయి. కానీ చాలావరకు అప్పటికి ఒళ్లు వేడెక్కి, భుజాలు వదులై, ఇంకాస్త దూరం వెళ్దాం అనిపిస్తుంది.

వెళ్లకూడని రోజులు వేరే ఉంటాయి. జ్వరం, ఒళ్లునొప్పులు ఉంటే, రాత్రి సరిగ్గా నిద్ర లేకపోతే, పొద్దున లేవగానే నాడి మామూలుకన్నా బాగా వేగంగా ఉంటే విశ్రాంతి తీసుకోండి. పరుగులో ఛాతీ బరువుగా అనిపించినా, కళ్లు తిరిగినా వెంటనే ఆగి డాక్టర్‌కి చూపించుకోండి, ఇందులో మొహమాటం వద్దు.

రోజూ వెళ్లాలన్న టెన్షన్ కూడా పెట్టుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం గానీ, 75 నిమిషాల తీవ్రమైన వ్యాయామం గానీ ఉండాలి. పరుగును మామూలుగా రెండో రకంలో లెక్కేస్తారు కాబట్టి వారానికి మూడు రోజులు, 25 నిమిషాల చొప్పున పెట్టుకుంటే సరిపోతుంది. ఒక రోజు తప్పిపోతే మాత్రం మర్నాడు దాన్ని కలిపి రెట్టింపు దూరం పెట్టుకోకండి. ఆ దూరం తలుచుకునే చాలామంది రెండో రోజు కూడా మానేస్తారు.