గుట్టుగా తిరిగి కట్టేస్తే సరిపోతుందా?

ఒడిశాలోని గుణుపూర్ దగ్గరి ఊరి నుంచి ఒక సోదరుడు రాసిన ఉత్తరం ఇది, కుదించి ఇస్తున్నాం.

"నాకు 41 ఏళ్లు. టెంట్ హౌస్ నడుపుతున్నాను. అప్పు చేసి జనరేటరు, రెండొందల కుర్చీలు కొన్నాను. వరసగా రెండు పెళ్లిళ్ల సీజన్లు దెబ్బతిన్నాయి. మా ఆవిడ పేరు మీదున్న గ్రూపు లోను కంతులు కట్టలేక, మా చర్చి సంఘం ప్రహరీ గోడ కోసం పోగైన డబ్బులోంచి నాలుగు దఫాలుగా రూ.48,000 వాడేశాను. ఆరేళ్లుగా కోశాధికారిని నేనే. ఈ సంగతి మా ఆవిడకు కూడా తెలీదు. నడుం నొప్పని చెప్పి ఐదు నెలలుగా ప్రభువు బల్లకు, అంటే గుడిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి వెళ్లడం లేదు. మోకరిస్తే మాట రాదు. రాత్రి మూడింటికి మెలకువొస్తే ఇక నిద్ర పట్టదు. విశ్వాసం తక్కువై ఇలా అయిందని అత్తగారంటారు. కూడికలకు వచ్చిన ఒక బోధకుడు ఐదు వేలు విత్తనపు కానుక వేస్తే అప్పు తీరుతుందన్నాడు. దేవుడు నన్ను విడిచిపెట్టేశాడా? డబ్బు సర్దుబాటు కాగానే గుట్టుగా తిరిగి కట్టేస్తే సరిపోదా?"

సోదరా, వందనాలు. మీ రెండో ప్రశ్న తేలితే గానీ మొదటిది తేలదు. అందుకని వెనక నుంచి వస్తాం.

గుట్టుగా కట్టేస్తే సరిపోదు. కారణం లెక్కల పుస్తకంలోనే ఉంది. డబ్బు తీసినప్పుడు పుస్తకంలో ఏమీ రాయకపోతే పాస్‌బుక్కుకీ దానికీ 48,000 తేడా ఉంటుంది. ఏదో ఒక ఖర్చు కింద రాసి ఉంటే అది దొంగ పద్దు. రేపు తిరిగి జమ చేసేటప్పుడు ఆ సొమ్ము ఎక్కడిదని రాస్తారు? ఒక అబద్ధాన్ని కప్పడానికి ఇంకొకటి కావాలి. పైగా వాకిట్లో నలుగురూ "కోశాధికారి గారూ" అని పలకరించిన ప్రతిసారీ అది మీకు ముల్లులా గుచ్చుకుంటుంది. ప్రార్థనలో మాట రాకపోవడానికి మూలం అక్కడుంది. విశ్వాసం తక్కువై కాదు. 32వ కీర్తన మూడో వచనం చూడండి: పాపం దాచుకుని మౌనంగా ఉన్నంతకాలం తన ఎముకలు క్షీణించాయంటాడు దావీదు. ఆ లెక్కన మీ నడుం నొప్పి మరీ అంత అబద్ధమేమీ కాదు.

అయితే ఒప్పుకోవడం కంటే ముందు నిద్ర, తిండి. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని ఇక చాలు, ప్రాణం తీసెయ్యమన్నప్పుడు దేవుడు ప్రసంగం చెయ్యలేదు. దూత వచ్చి తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి తినిపించాడు. "ఇక్కడేం చేస్తున్నావు" అన్న ప్రశ్న నలభై రోజుల నడక తరవాత గానీ రాలేదు (1 రాజులు 19). మీరూ ఈ వారం సాయంత్రం ఐదు దాటాక టీ మానండి. రాత్రి అన్నం మానకండి, సయించకపోతే మండియా (రాగి) జావైనా తాగండి. మూడింటికి మెలకువొస్తే మంచం మీద అప్పుల లెక్కలు వెయ్యొద్దు, లేచి కూర్చోండి. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి లేకపోతే గుణుపూర్ ఆసుపత్రిలో చూపించుకోండి. అవసరమైతే రాయగడ జిల్లా ఆసుపత్రికి రాసిస్తారు. మాత్ర వేసుకున్నంత మాత్రాన విశ్వాసం ఎక్కడికీ పోదు.

ఒక మాట సూటిగా అడుగుతున్నాం. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా? వస్తే ఇక్కడ చదవడం ఆపి ఇప్పుడే 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ అది, పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతారు. ఆ రాత్రి ఒంటరిగా పడుకోకండి.

ఇక చెప్పడం. మొదట మీ ఆవిడకు. పిల్లలు బడికెళ్లాక, పగటిపూట చెప్పండి. అప్పు తన పేరు మీద ఉంది కాబట్టి ఇది ఆమెకు తెలిసి తీరాలి. ముందు అంకె చెప్పండి: "గోడ డబ్బులోంచి నాలుగు దఫాలుగా నలభై ఎనిమిది వేలు తీశాను." సంజాయిషీ తరవాత. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. భయపడి ముందు ఇరవై వేలంటారు, నెల తిరిగాక మిగతాది బయటపడుతుంది. మొదటిసారి విన్న భార్య ఏడుస్తుంది, కోప్పడుతుంది, ఆనక దారి వెతుకుతుంది. రెండోసారి వింటే ఇక దేన్నీ నమ్మదు. చేబదుళ్లు ఇంకేమైనా ఉంటే అవి కూడా ఆ పూటే చెప్పెయ్యండి. అత్తగారికి ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో ఆమెకే వదిలెయ్యండి.

తరవాత ఒక కాగితం. ఏ తేదీన ఎంత తీశారు, దేనికి కట్టారు, పుస్తకంలో ఏమని రాశారు, బ్యాంకులో ఇవాళ నిల్వ ఎంత. నాలుగు వరసలు, కింద మొత్తం, సంతకం. సంఘం లెక్కలు ఒడియాలో రాసే చోటైతే ఒడియాలోనూ ఒక ప్రతి తీయించండి, పెద్దలందరూ తెలుగు చదవలేకపోవచ్చు. దాంతో పాటు పాస్‌బుక్కు, చెక్కుబుక్కు, రసీదు పుస్తకాలు, కానుకల పెట్టె తాళం ఒకే సంచిలో పెట్టుకుని పాస్టరు గారి ఇంటికి వెళ్లండి. ఒక్క పాస్టరు గారికే కాదు, గుట్టు నిలిపే ఒక పెద్ద కూడా అక్కడ ఉండేలా చూసుకోండి. ఒక్కరికే చెబితే ఆ భారం ఆయన మీద పడుతుంది, రేపు ఆయనా దాచాడన్న మాట వస్తుంది. సంచి వాళ్ల చేతిలో పెట్టి, "ఈ రోజు నుంచి నేను డబ్బు ముట్టను" అనండి. ఉంచమన్నా ఉంచుకోవద్దు.

ఉత్త చేతులతో వెళ్లకండి. జనరేటరు అమ్మండి. కుర్చీలు అద్దెకు పోతూనే ఉంటాయి, సీజను లేనప్పుడు జనరేటరు మూలన పడి తుప్పు పడుతుంది. లెక్క ఇలా వేసుకోండి. అపహరించినవాడు పాపం ఒప్పుకుని, అసలు తిరిగిచ్చి, దాని మీద ఐదో వంతు కలిపి ఇవ్వాలని సంఖ్యాకాండం ఐదో అధ్యాయం, ఏడో వచనం. అది ఇశ్రాయేలీయుల ధర్మశాస్త్రం, మీ సంఘానికి కట్టుబాటు కాదు, కానీ కొలతగా బాగుంటుంది. 48,000కి ఐదో వంతు 9,600, మొత్తం 57,600. జనరేటరుకు 18,000 వచ్చిందనుకుంటే మిగిలేది 39,600. నెలకు 3,300 చొప్పున పన్నెండు నెలలు. అంత కుదరకపోతే నెలకు రెండు వేలే రాయండి. తప్పిపోయే ఐదు వేల కంటే తప్పకుండా వచ్చే రెండు వేలు మేలు. కొత్త అప్పు చేసి మాత్రం ఇది తీర్చకండి.

జరగగలిగింది ముందే తెలుసుకుని వెళ్లండి. పదవి పోతుంది. కొంతకాలం బల్లకు దూరంగా ఉండమనొచ్చు. నమ్మి అప్పగించిన సొమ్ము వాడుకోవడం నేరపూరిత నమ్మకద్రోహం, భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కిందికి వస్తుంది, సంఘం కేసు పెట్టినా పెట్టొచ్చు. తనంతట తాను లెక్కతో వచ్చినవాణ్ని చూసే చూపు, ఆడిట్‌లో దొరికినవాణ్ని చూసే చూపు ఒకటి కావు. అంతకు మించి హామీ ఇవ్వలేం. ఇంకొకటి: ఆదివారం అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పమని ఎవరైనా తొందరపెడితే, ఆఖరి వాయిదా కట్టేదాకా వద్దని దండం పెట్టండి. ఎవరెవరికి తెలియాలో ఆ మొదటి రోజే పెద్దలతో మాట్లాడుకోండి.

గ్రూపు లోను సంగతి క్లుప్తంగా. రిజర్వ్ బ్యాంకు నియమాల ప్రకారం మైక్రోఫైనాన్స్ వసూలుకు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తరవాత ఫోన్ చెయ్యకూడదు. ఏ వేళలోనైనా బూతులు తిట్టకూడదు. కంతు తప్పేలా ఉంటే తప్పకముందే బ్రాంచికి వెళ్లి గడువు పెంచమని రాతపూర్వకంగా అడగండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. గ్రూపు వాళ్లంతా కంతులు కట్టే సెంటరు మీటింగుకు మొహం చాటేస్తేనే గొడవ పెరుగుతుంది. వరసగా రెండుసార్లు రాకపోతే ఇంటికి వచ్చి వసూలు చేసుకునే వీలు వాళ్లకు నియమాల్లోనే ఉంది.

విత్తనపు కానుక వెయ్యకండి. ఇచ్చేవాడి దగ్గర ఉన్నదాన్ని బట్టే కానుక ప్రీతికరం, లేనిదాన్ని బట్టి కాదని పౌలు కొరింథీయులకు రాశాడు (2 కొరింథీ 8:12). సహోదరుడికి నీ మీద విరోధం ఏదైనా ఉందని గుర్తొస్తే అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి ముందు అతనితో సమాధానపడమన్నది యేసు మాట. ఆ ఐదు వేలూ ఉంటే గోడ డబ్బులో వెయ్యండి.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. శిష్యుడైన పేతురు యేసును ఎరగనని బొంకింది చలి కాచుకుంటున్న బొగ్గుల మంట దగ్గర (యోహాను 18:18). తిరిగి లేచిన యేసు ఒడ్డున చేపలు కాల్చిందీ బొగ్గుల మంట మీదే (21:9). కొత్త నిబంధన గ్రీకు మూలంలో ఆ మాట వచ్చేది ఈ రెండు చోట్లే. పడిన చోటును గుర్తుచేసే నిప్పు దగ్గరే యేసు అతన్ని కూర్చోబెట్టాడు, ముందు అన్నం పెట్టి, ఆ తరవాతే మూడుసార్లు అడిగాడు. మూడోసారి పేతురు నొచ్చుకున్నాడు కూడా. కాబట్టి పాస్టరు గారింట్లో మీకు కలిగే నొప్పిని దేవుడు వదిలేసినదానికి గుర్తుగా లెక్కేసుకోకండి. "నీ నమ్మిక తప్పిపోకుండునట్లు" వేడుకున్నానని యేసు పేతురుతో అన్నది అతను బొంకక ముందే (లూకా 22:32). మీరు మొదటి దఫా డబ్బు తీసిన రోజుకీ ఆ మాట వర్తిస్తుంది.

మాట రాని ప్రార్థనకు 13వ కీర్తన పట్టుకోండి. ఆరే వచనాలు. మొదటి రెండూ ఎంతకాలం, ఎంతవరకు అన్న నిలదీత, నాలుగుసార్లు వస్తుంది. తరవాతి రెండూ అడగడం, చివరి రెండూ నమ్మకం. పొద్దున్నే పైకి వినబడేలా చదవండి, ఐదు నిమిషాలు చాలు. చివరి రెండు వచనాలు నోటికి రాకపోతే నాలుగో వచనం దగ్గరే ఆపెయ్యండి, తప్పేం లేదు. గంటల తరబడి ఉపవాస ప్రార్థన మాత్రం ఇప్పుడు వద్దు, నిద్ర లేని ఒంటికి అది ఇంకో దెబ్బ.

పెద్దలకు చెప్పిన తరవాత వచ్చే ఆదివారమే గుడికి వెళ్లండి, వెనక బెంచీలోనైనా సరే. నడుం ఎలా ఉందని ఎవరైనా అడుగుతారు. "నడుం బాగానే ఉందండీ, వేరే ఇబ్బంది ఒకటి ఉండింది, పాస్టరు గారితో చెప్పాను" అనండి. అంతకంటే వివరం అడిగే హక్కు వాళ్లకు లేదు, చెప్పాల్సిన పనీ మీకు లేదు.